ఆపరేషన్ చేసినా ముక్కులో కండ మళ్లీ పెరిగింది.. ఇంజెక్షన్‌తో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 44. మూడేళ్ల క్రితం రెండు ముక్కు రంధ్రాల్లోనూ పాలిప్స్ తీశారు. ఏడాదిన్నర బాగున్నాను. ఇప్పుడు మళ్లీ ముక్కు దిబ్బడ, వాసన అసలు తెలియడం లేదు. ఉబ్బసం కూడా ఉంది. స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నన్ని రోజులు వాసన తెలుస్తుంది, ఆపితే పోతుంది. మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాలా? కొత్త ఇంజెక్షన్లు మంచివేనా?

జవాబు: మీ ఆపరేషన్ విఫలమైందని బాధపడకండి. పాలిప్ అంటే ఒలిచిన ద్రాక్షపండులా నున్నగా, నీరు పట్టి వేలాడే వాపు. ఎండోస్కోపీతో దాన్ని తీసేసి సైనస్ దారులు తెరుస్తారు. కానీ దాన్ని పుట్టిస్తున్న లోపలి పొర అలాగే ఉంటుంది. ఉబ్బసం ఉండి, ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉన్నవారిలో కండ మళ్లీ పెరగడం తరచూ చూస్తాం. ఆపరేషన్ వల్ల పెద్ద లాభం మందు లోపలిదాకా చేరడం. ఆ దారిలో రోజూ మందు పంపకపోతే మళ్లీ పూడుకుపోతుంది.

మాత్రలతో వాసన తిరిగి వస్తోందంటే మీ వాసన నరం బతికే ఉంది, వాపే అడ్డు. ఇది మంచి సంకేతం. అలాగని మాత్రలే పదేపదే వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది, కంట్లో శుక్లాలొస్తాయి. ఏడాదికి రెండు కోర్సులు అవసరమవుతున్నాయంటే చికిత్స మార్చాల్సిందే.

ముందు ముక్కు కడగడం సరిగా జరుగుతోందా చూసుకోండి. మూడు పాళ్లు అయోడిన్ లేని ఉప్పు, ఒక పాలు వంటసోడా కలిపి ఉంచుకుని, అందులోంచి ఒక టీస్పూను 240 మి.లీ. నీళ్లలో కలపాలి. నీళ్లు మరిగించి గోరువెచ్చగా చల్లార్చినవే వాడాలి. కొళాయి నీళ్లు నేరుగా వాడితే, అరుదుగానైనా, మెదడును తినేసే అమీబా లోపలికి చేరే ప్రమాదం ఉంది. ఆపరేషన్ అయినవారికి ఈ నీళ్లలోనే బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు కలిపి వాడమంటాం. మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్ స్ప్రే వాడేవారైతే కడిగిన పది, పదిహేను నిమిషాలకు తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టండి. మొన కంటి బయటి కొస వైపు ఉండాలి. మధ్య గోడకు తగిలితే రక్తం వస్తుంది. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. చాలామంది 'స్ప్రే పనిచేయలేదు' అనడానికి కారణం ఇదే.

ఇలా 8 నుంచి 12 వారాలు వాడినా తగ్గకపోతే ఎండోస్కోపీ, సీటీ స్కాన్ చేయించండి. మొదటిసారి కొన్ని సైనస్ గదులు తెరవకుండా మిగిలిపోయి ఉంటే మళ్లీ ఆపరేషనే మేలు. అన్నీ తెరిచే ఉండి, పొర మాత్రం ఉబ్బి ఉంటే నేనైతే ఇంజెక్షన్ వైపు మొగ్గుతాను. డ్యుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాలిప్స్ కోసం అనుమతి ఇచ్చింది. ఐఎల్-4, ఐఎల్-13 అనే వాపు సంకేతాలను ఇది అడ్డుకుంటుంది. రెండు వారాలకోసారి 300 మి.గ్రా. పొట్ట లేదా తొడ చర్మం కింద వేస్తారు. ఉబ్బసానికీ పనికొస్తుంది గనుక మీలాంటివారికి రెండు విధాలా లాభం. కళ్లు ఎర్రబడటం కొందరిలో కనిపిస్తుంది. ఇది వేసుకుంటున్నాం కదా అని ఇన్‌హేలర్ ఆపొద్దు. ఆరు నెలలకు ఫలితం లేకపోతే కొనసాగించడంలో అర్థం లేదు. ఫలితం ఉన్నా, మానేస్తే కండ తిరిగి పెరగొచ్చు.

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకున్నాక ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా? వచ్చి ఉంటే ఆ మాత్రలు ముట్టుకోకుండా డాక్టర్‌కు చెప్పండి. పాలిప్స్, ఉబ్బసంతో పాటు ఈ లక్షణం కూడా ఉన్నవారిలో జబ్బు మొండిగా ఉంటుంది.

ఒక పక్క ముక్కులోనే కండ పెరిగినా, రక్తం కారినా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) తప్పనిసరి. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. వాసన తెలియనన్నాళ్లు వంటింట్లో గ్యాస్ లీకేజీ అలారం పెట్టించుకోండి.