అమ్మ మొక్కు, కురుమూర్తి ఉద్దాలు

ప్రశ్న: మాది దేవరకద్ర దగ్గరి పల్లె. పోయిన ఆషాఢంలో మా అమ్మ కాలం చేసింది. ఆమెకు చదువు రాదు. మాకు ఒక్క స్తోత్రమైనా నేర్పలేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు వేరే కుండలో వేసేది, గింజలకు కటకటగా ఉన్న రోజుల్లోనూ మానలేదు. శనివారం నాడు ఆ బియ్యం ఎవరో ఒకరి ఇంటికి చేరేవి. చెప్పులు కుట్టే పెద్దమనిషి ఎండన పడి వస్తే, ఇరుగుపొరుగు గొణిగినా, అరుగు మీద కూర్చోబెట్టి మేము తాగే చెంబుతోనే నీళ్లిచ్చేది. ఏటా కొండ మీది కురుమూర్తి స్వామి జాతరకు తీసుకుపోయి, "వంగు బిడ్డా" అని ఉద్దాలను, అంటే స్వామి పాదుకలను, నా తలకు తాకించేది. అదంతా మూఢభక్తి అని నా మిత్రుడొకరు అంటున్నారు. కొండకు నడిచి వస్తానని ఆమె మొక్కిన మొక్కు మిగిలిపోయింది. ఏడాది లోపల గుడి గడప తొక్కరాదని మా అన్న పట్టుబడుతున్నాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్న నేను, మంత్రమొక్కటీ రానివాణ్ని, పిల్లలకు ఏం నేర్పాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మొక్కు సంగతి తేలికైనది కాబట్టి ముందు అదే చెబుతాను. తల్లిదండ్రులు పోయిన ఏడాది గుడికి పోకుండా ఉండటం మన వైపు చాలా ఇళ్లలో ఉన్నదే, కొన్ని ఇళ్లలో లేనిదే. మీ అన్నగారికి పట్టింపు ఉన్నప్పుడు ఆయనతో వాదం పెట్టుకోకండి. సంవత్సరీకం ఆషాఢంలో ముగుస్తుంది, జాతర దీపావళి దాటిన తర్వాత కార్తీకంలో వస్తుంది. అన్నదమ్ములిద్దరూ కలిసి నడవవచ్చు.

ఇక మూఢభక్తి అన్న మాట. ఉద్దాల వెనుక ఉన్న సంగతి తెలిస్తే మీ మిత్రులు అంత తొందరపడి ఉండేవారు కారు. కురుమూర్తి స్వామి పాదుకలైన ఈ ఉద్దాలను చిన్నచింతకుంట మండలంలోని వడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలవారు నియమంతో, ఉపవాసంతో తోలుతో కుడతారు. అక్కడి నుంచి ఊరేగింపుగా కొండకు వచ్చే ఆ పాదుకల కోసమే, బతుకుదెరువుకు ముంబై, పుణే పోయిన పాలమూరు వలస కూలీలు సైతం ఊరికి తిరిగివస్తారు. భరతుడు పాదుకలను సింహాసనం మీద పెట్టిన కథ మనందరికీ తెలుసు గాని, అక్కడ ఆ పాదుకలను కుట్టినవారి ప్రస్తావన ఎవరికీ గుర్తుండదు. కురుమూర్తిలో వారిని మరచిపోవడానికి వీలులేదు.

అయితే ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. జాతరలో ఆ పాదుకలకు తల వంచి, ఊరికి రాగానే వాటిని కుట్టినవారిని గడప బయట నిలబెట్టినవారు, హోటల్లో వారికి వేరే గ్లాసు పెట్టినవారు మన జిల్లాలో తక్కువేమీ కాదు. మీ తల్లిగారు కొండ మీద వంగిన తలను ఇంటి అరుగు దగ్గర మళ్లీ ఎత్తలేదు. గొణుగుళ్లకు ఆమె జవాబు చెప్పినట్టు మీరు రాయలేదు. చెప్పి ఉండరనే నా ఊహ. ఆమె మీకు మంత్రం నేర్పలేదన్నది నిజమే కావచ్చు, కానీ ఏమీ నేర్పలేదని మీరు అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. మీ మిత్రులకు నచ్చజెప్పే పని పెట్టుకోవద్దని కూడా నా సలహా. ఆ చెంబు నీళ్లను తర్కంతో సమర్థించవలసిన అవసరం లేదు.

పిల్లల విషయానికి వస్తే, ఆమె చేసినవన్నీ మీద వేసుకోకండి. నగరపు ఉద్యోగంతో అవి నెల తిరగకుండానే ఆగిపోతాయి, ఆపైన అపరాధభావం మిగులుతుంది. పిడికెడు బియ్యం ఒక్కటీ పెట్టుకోండి, అది కూడా మీ చేత్తో కాక పిల్లల చేత వేయించండి. ఎవరికివ్వాలన్న ప్రశ్న నగరంలో ఎదురవుతుంది గాని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో ఉండే కుటుంబం తరచుగా మన పాలమూరుదే, మన నల్లగొండదే అయి ఉంటుంది. కవరులో పెట్టి పనిమనిషితో పంపడం వద్దు. పిల్లలను వెంటబెట్టుకుని మీరే వెళ్లండి, వారు మంచినీళ్లో టీయో ఇస్తే కూర్చుని తాగి రండి.

జాతర దాదాపు నెల రోజులు సాగుతుంది. ఉద్దాలు వచ్చే రోజున తొక్కిసలాడే జనం ఉంటారు కాబట్టి, పిల్లలు చిన్నవారైతే నాలుగు రోజులు ఆగి బయలుదేరండి.