రోబోలను నడిపించే ఉద్యోగం: మూడు నెలల కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఆఫీసు కంప్యూటర్ పనులను సాఫ్ట్‌వేర్ రోబోలతో చేయించే ఆర్పీఏ కోర్సు మూడు నెలలు చేస్తే చాలు, కోడింగ్ అక్కర్లేదు, ఉద్యోగం ఖాయం అని ఒక శిక్షణ సంస్థవాళ్లు చెబుతున్నారు. నాకేమో పైథాన్ నేర్పించడం మేలనిపిస్తోంది. ఏఐ ఏజెంట్లు వచ్చాక ఈ రోబోలకే పని ఉండదని ఇంకొందరు అంటున్నారు. మళ్లీ తప్పటడుగు వేస్తామేమోనని భయంగా ఉంది. డబ్బు కట్టేలోపు ఏది మంచిదో చెప్పండి. (ఒక తండ్రి)

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల మధ్య పోలిక. నాకు మాత్రం మీ ఉత్తరంలో "మళ్లీ" అన్న మాట దగ్గరే కళ్లు ఆగాయి. కామర్స్ చదివించడమే మొదటి తప్పటడుగని మీరు ముందే తేల్చేసుకున్నారు. ఇలాంటి ఉత్తరాలు రాసే తల్లిదండ్రుల్లో చాలామంది మనసులో ఉండే దిగులు ఇదే కాబట్టి ముందు దాని సంగతే చెప్తాను. మీరు తప్పేమీ చేయలేదండీ. ఇన్వాయిస్‌లు ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో లెక్క సరిచూడడం, జీతాల వివరాలు ఒక సాఫ్ట్‌వేర్‌లోంచి తీసి ఇంకోదాంట్లో నింపడం... ఆఫీసుల్లో రోబోలకు అప్పజెప్పే పనుల్లో పెద్ద భాగం ఇవే. అందులో ఏ అంకె ఎందుకు ఉండాలో తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉంది.

ఆర్పీఏ అంటే ఏమిటో మీకు సంస్థవాళ్లు చెప్పే ఉంటారు. వాళ్లు చెప్పి ఉండనిది ఇది: రోబోను తయారుచేయడం ఈ ఉద్యోగంలో చిన్న భాగం. పది రోబోలు ఎప్పుడు లేవాలి, ఏ పని ఎవరు తీసుకోవాలి, మధ్యలో ఆగితే ఏం చేయాలి, ఎవరికి కబురు పంపాలి అనేవి చూసుకోవడమే అసలు ఉద్యోగం. ఈ పెత్తనం చేసే సాఫ్ట్‌వేర్‌ను యూఐపాత్ అనే ఆర్పీఏ టూల్‌లో ఆర్కెస్ట్రేటర్ అంటారు. అలాంటివే అయిన బ్లూ ప్రిజమ్, ఆటోమేషన్ ఎనీవేర్‌లలో కంట్రోల్ రూమ్ అంటారు.

ఒక రాత్రి పని ఎలా సాగుతుందో చూడండి. నెలాఖరున మెయిల్‌కు 600 ఇన్వాయిస్‌లు వచ్చాయి. ఒక రోబో వాటిని ఒక్కొక్కటిగా చదివి, ఇన్వాయిస్ నంబరును గుర్తుగా పెట్టి, క్యూలో వేస్తుంది. దీన్ని డిస్పాచర్ అంటారు. రాత్రి ఒంటిగంటకు ట్రిగ్గర్ (పని మొదలుపెట్టించే అలారం లాంటిది) మోగగానే ఇంకో రెండు రోబోలు లేచి, క్యూలోంచి తలా ఒకటి తీసుకుని అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాయి. ఇవి పెర్ఫార్మర్లు. 214వ దానిలో పర్చేజ్ ఆర్డర్ నంబరే లేదనుకోండి. అది బిజినెస్ ఎక్సెప్షన్, అంటే సమాచారంలోనే ఉన్న లోపం. పదిసార్లు ప్రయత్నించినా ఆ నంబరు ఎక్కడినుంచీ ఊడిపడదు. కారణం రాసి, మనిషి చూసే జాబితాలోకి పంపాలి. 215వ దాని దగ్గర సాఫ్ట్‌వేరే బిగుసుకుపోయింది. ఇది సిస్టమ్ ఎక్సెప్షన్. ఆ ప్రోగ్రామ్‌ను మూసి, మళ్లీ లాగిన్ అయ్యి, అదే ఇన్వాయిస్‌ను ఇంకోసారి ప్రయత్నించాలి. ఈ రెండు ఎక్సెప్షన్ల తేడా మంచి కోర్సుల్లో చెబుతారు.

చాలా కోర్సులు ఆగిపోయేది దీని తర్వాత. 300వ ఇన్వాయిస్‌కు రోబో సేవ్ నొక్కింది. సాఫ్ట్‌వేర్ దాన్ని నమోదు చేసుకుంది. "సేవ్ అయింది" అనే పెట్టె తెరమీదకు వచ్చేలోపు నెట్‌వర్క్ తెగింది. పెట్టె కనబడలేదు గనక పని జరగలేదనుకుని రోబో సిస్టమ్ ఎక్సెప్షన్ చూపింది. క్యూ అదే ఇన్వాయిస్‌ను రెండోసారి ఇచ్చింది. రెండోసారీ నమోదయింది. సరుకు పంపినవాళ్లకు డబ్బు రెండుసార్లు వెళ్లే దారి తెరుచుకుంది. పొద్దున్నే రిపోర్టు చూస్తే ఆ ఇన్వాయిస్ పక్కన సక్సెస్‌ఫుల్ అనే ఉంటుంది, రెండుసార్లు నమోదైన జాడే కనబడదు. క్యూలో ఒకే గుర్తు రెండుసార్లు ఉండకూడదనే నియమం పెట్టినా ఇక్కడ అక్కరకు రాదు. ఆ నియమం కొత్తగా వేసేవాటికే గానీ క్యూ తానే మళ్లీ ఇచ్చే రీట్రైకి వర్తించదు. విరుగుడు ఒకటే. ప్రతి ఇన్వాయిస్ మొదలుపెట్టే ముందు ఆ నంబరు, ఆ సరఫరాదారు కోడ్ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే ఉన్నాయేమో రోబో వెతకాలి. ఉంటే కొత్తగా ఎక్కించకుండా, అయిపోయినట్టు గుర్తుపెట్టి ముందుకు పోవాలి. ఈ ఒక్క అడుగు పెట్టాలని తోచడానికి ప్రోగ్రామింగ్‌లో పాండిత్యం అక్కర్లేదు. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు కడితే ఏమవుతుందో తెలిసుంటే చాలు. అది మీ అమ్మాయికి ఇప్పటికే తెలుసు.

మిగతా తిప్పలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ రోజూ ఎదురయ్యేవి అవే. ప్రోగ్రామ్ రాసిన కంప్యూటర్ తెర 1920×1080 అయి, రాత్రి మనిషి లేకుండా నడిచే సెషన్ 1024×768తో తెరుచుకుంటే, బొమ్మను పోల్చి నొక్కే క్లిక్‌లు తప్పిపోతాయి. రోబో సెట్టింగుల్లో తెర కొలత ముందే ఖాయం చేయాలి. విండో పేరులో ఇన్వాయిస్ నంబరు కూడా ఉంటే, దాన్ని అలాగే సెలెక్టర్‌లో (తెరమీద ఏ విండో, ఏ బటన్ అని రోబోకు చెప్పే చిరునామాలో) ఉంచినవాళ్ల రోబో మొదటి ఇన్వాయిస్‌కు చక్కగా పనిచేసి రెండోదానికే ఆగుతుంది. ఆ నంబరు ఉన్నచోట, ఏదున్నా సరే అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టాలి. 03/04 అనే తేదీ ఏప్రిల్ 3వదా, మార్చి 4వదా అన్నది ఆ కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగును బట్టి మారిపోతుంది. పాస్‌వర్డ్ గడువు తీరితే, రోబో పాతదే పదేపదే కొట్టి ఖాతాకు తాళం పడేలా చేస్తుంది. రెండు రోబోలకు ఒకే యూజర్ ఖాతా ఇస్తే ఒకటి లోపలికి రాగానే రెండోది బయటపడే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. యూఐపాత్ క్యూలో ఒక అంశం దాదాపు 24 గంటలు "ఇన్ ప్రోగ్రెస్"లోనే ఉండిపోతే "అబాండన్డ్" అని మారుతుంది. ఆ తర్వాత దాని సంగతి మనిషే చూసుకోవాలి.

ఇప్పుడు నా అనుమానాలు. "కోడింగ్ అక్కర్లేదు" అన్నమాట మొదటి రెండు వారాలకే నిజం. మెయిల్ వాక్యంలోంచి ఇన్వాయిస్ నంబరు వేరుచేయాలంటే అక్షరాల వరుసను పోల్చి పట్టుకునే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రావాలి. యూఐపాత్‌లో షరతులు రాయాలంటే వీబీ డాట్ నెట్ గానీ సీ షార్ప్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష కొంత తెలియాలి. ఎన్ని నమోదయ్యాయో డేటాబేస్‌లో సరిచూసుకోవాలంటే దాన్ని ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ రావాలి. కోడింగ్ అంటే భయపడి ఈ దారి ఎంచుకున్న పిల్లలు మూడో వారంలో అదే గోడకు తగులుకుంటారు. తెలివి తక్కువై కాదు, అది వస్తుందని ముందే చెప్పేవాళ్లు లేక.

రెండో అనుమానం ఇంకా పెద్దది. ఒక టూల్ పేరును జీవనాధారంగా చేసుకోవడం నాకు నచ్చదు. యూఐపాత్ 2005లో బుకారెస్ట్‌లో డెస్క్‌ఓవర్ అనే పేరుతో మొదలై, 2015లో ఇప్పటి పేరు పెట్టుకుని, 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లింది. బ్రిటన్‌లో 2001లో పుట్టిన బ్లూ ప్రిజమ్ 2022లో ఎస్ఎస్ అండ్ సీ అనే కంపెనీ చేతికి పోయింది. మైక్రోసాఫ్ట్ 2020లో సాఫ్టోమోటివ్ అనే ఆర్పీఏ సంస్థను కొని, మరుసటి ఏడాది పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్ అనే తన ఆర్పీఏ టూల్‌ను విండోస్ 10 వాడేవాళ్లకు అదనపు ఖర్చు లేకుండా ఇచ్చేసింది. ఈ చివరిదాన్ని గట్టిగా పట్టించుకోండి. బటన్లు లాగి వదిలి చిన్న రోబో చేసే పని ఆఫీసులో ఏ గుమస్తా అయినా తన కంప్యూటర్ మీదే చేసుకోగలిగితే, అంతవరకే నేర్చుకున్నవాళ్లకు ఎవరైనా జీతం ఎందుకిస్తారు?

మూడోది, రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య ఏపీఐ (అవి తెరతో పనిలేకుండా నేరుగా మాట్లాడుకునే దారి) ఉంటే తెరమీద క్లిక్‌లు నొక్కే రోబో అవసరమే లేదు. "దీనికి రోబో వద్దు" అని చెప్పగలగడం కూడా ఈ వృత్తిలో భాగమే. రోబోలు అమ్మే చోట ఆ మాట నేర్పడం కష్టం. మొదటి ఉద్యోగం సపోర్ట్‌లో, షిఫ్టుల్లో, రాత్రిపూట ఆగిన క్యూలను తిరిగి నడిపించేదిగా ఉండే అవకాశం ఎక్కువన్న సంగతి కూడా దాచరు కాబోలని ఆశపడకండి, మీరే అడగండి. అది తక్కువ పనేం కాదు. ఆగిన ఇన్వాయిస్‌లను ఏడాదిపాటు విప్పి చూసినవాళ్లకు ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడ తడబడుతుందో వేళ్లమీద ఉంటుంది. కాకపోతే ముందే తెలిసి అడుగుపెట్టాలి.

ఏఐ ఏజెంట్ల సంగతి. తెరను చూసి, మౌస్ కదిపి పనిచేసే మోడల్‌ను ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ 2024 అక్టోబరులో చూపింది, ఆ తర్వాత మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. సెలెక్టర్లు గుచ్చి గుచ్చి రాసే పని తగ్గుతుంది. దాన్ని మీ దగ్గర దాచను. కానీ ఏజెంట్ నొక్కినా రోబో నొక్కినా ఆ 300వ ఇన్వాయిస్ ప్రమాదం అలాగే ఉంటుంది. క్యూ కావాలి, పాస్‌వర్డ్‌లకు భద్రత కావాలి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే లాగ్ కావాలి, పెద్ద మొత్తాలకు మనిషి ఆమోదం కావాలి. ఒకే పనిని రెండుసార్లు రెండు రకాలుగా చేయగల ఏజెంట్‌కు ఈ కాపలా ఇంకా ఎక్కువ కావాలి.

ఒక మాట కటువుగా అంటాను, మన్నించండి. మీ ఉత్తరం నిండా సంస్థవాళ్లు అన్నారు, ఇంకొందరు అన్నారు, నాకు అనిపిస్తోంది అని ఉంది. మీ అమ్మాయి ఏమంది? ఒక్క ముక్క కూడా లేదు. ఇరవై ఏళ్ల మనిషి తాను ఏ పని చేయాలో తేల్చే ఉత్తరంలో ఆమె గొంతే వినబడకపోవడం ఏ కోర్సు తప్పటడుగు కన్నా పెద్దది. పైగా "డబ్బు కట్టేలోపు" అంటూ గడువు పెట్టారు. ఆ గడువు సంస్థది. మీకు లేని తొందర వాళ్లు మీ నెత్తిన పెట్టారు, మీరు దాన్ని తెచ్చి ఆమె నెత్తిన పెడుతున్నారు.

పైథానా, ఆర్పీఏనా అంటే రెండూ పోటీదారులు కావు. ఫైల్ నుంచి ఫైల్‌కు వెళ్లే పనైతే పైథాన్‌లో పాండాస్, ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీలతో తెర తెరవకుండానే తేలిగ్గా అయిపోతుంది. ఏపీఐ లేని పాత సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయాలంటే రోబో కావాలి. మీ అమ్మాయి విషయంలో ఎస్‌క్యూఎల్, కొంచెం పైథాన్, వాటితోపాటు ఏదో ఒక ఆర్పీఏ టూల్ అనే వరుస మంచిదని నా అభిప్రాయం.

డబ్బు కట్టకముందు ఇంట్లో ఒక నెల ఇది చేయనివ్వండి. విండోస్ కంప్యూటర్‌లో పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్ గానీ యూఐపాత్ కమ్యూనిటీ ఎడిషన్ గానీ పెట్టుకోమనండి. ఎక్సెల్‌లో 50 ఉత్తుత్తి ఇన్వాయిస్‌లు రాసుకోవాలి. అందులో కావాలనే 5 తప్పుగా ఉంచాలి: రెండింట్లో ఆర్డర్ నంబరు తీసేసి, రెండింట్లో మొత్తం దగ్గర అక్షరాలు రాసి, ఒకదానిలో తేదీ ఖాళీగా వదలాలి. వాటిని ఏదైనా ఉచిత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించే రోబో చేయాలి. అది నడుస్తుండగా 20వ దాని దగ్గర ఆ సాఫ్ట్‌వేర్‌ను టాస్క్ మేనేజర్‌లోంచి చంపేయాలి. రోబోను మళ్లీ మొదటినుంచి నడపాలి. చివరికి నమోదైనవి సరిగ్గా 45 ఉండాలి. 46 ఉన్నా తప్పే, 44 ఉన్నా తప్పే. తప్పుడు ఐదింటికీ పక్కన కారణం రాసి ఉండాలి.

ఆ తర్వాత సంస్థకు వెళ్తే ఆమెనే మాట్లాడనివ్వండి. పని మధ్యలో తెగితే రెండోసారి నమోదు కాకుండా ఎలా చేయాలో నేర్పుతారా, మనిషి లేకుండా నడిచే రోబోను నిజంగా ఆర్కెస్ట్రేటర్‌తో నడిపించి చూపిస్తారా, ఎస్‌క్యూఎల్‌కు ఎన్ని గంటలు కేటాయించారు అని అడగాలి. మొదటి ప్రశ్నకే తడబడితే డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ఆ 45 దగ్గర ఆమె విసుక్కుందా, పట్టు వదలకుండా రాత్రి దాకా కూర్చుందా అన్నది మీకూ తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది. తర్వాతి ఉత్తరం ఆమెనే రాయమనండి. లెక్క ఎంత వచ్చిందో, రోబో ఎక్కడ ఆగిందో రాస్తే అక్కడినుంచి మొదలుపెడదాం.