స్క్రాచ్‌లో ఒక్క కాయిన్‌కే స్కోరు 15 పెరుగుతోందంటే

స్క్రాచ్ అంటే బ్లాకులు పేర్చి గేమ్‌లు చేసే ప్రోగ్రామింగ్ భాష. అందులో పిల్లి కాయిన్‌ను తాకితే స్కోరు 1 పెరగాలని, పిల్లి స్క్రిప్ట్‌లో ఫరెవర్ లూప్ (లోపలి బ్లాకులను ఆగకుండా తిప్పేది) పెట్టి, దాని లోపల "తాకుతోందా?" అని చూసే ఇఫ్ బ్లాక్ పెట్టారనుకోండి. స్కోరు 15 పెరిగితే తప్పు కాయిన్‌ది కాదు, ఆ ఫరెవర్ లూప్‌ది. అది సెకనుకు దాదాపు 30 సార్లు తిరుగుతుంది. మీ పిల్లి కాయిన్ మీద అర సెకను ఉన్నా 15 సార్లు "తాకుతోంది" అనే జవాబే వస్తుంది, ప్రతిసారీ ఒక పాయింటు పడుతుంది.

ఇఫ్ బ్లాక్ తీసేసి, స్క్రిప్ట్‌ను పిల్లిలో కాకుండా కాయిన్ స్ప్రైట్‌లో (స్ప్రైట్ అంటే గేమ్‌లోని బొమ్మ) ఇలా పెట్టండి:

1. పచ్చ జెండా నొక్కగానే స్కోరు 0. ఇది ఫరెవర్ బయటే ఉండాలి.
2. ఫరెవర్ లోపల మొదట: పిల్లి తాకేదాకా వెయిట్ అంటిల్.
3. చేంజ్ స్కోర్ బై 1.
4. కాయిన్‌ను ర్యాండమ్ పొజిషన్‌కి పంపండి.
5. మళ్లీ వెయిట్ అంటిల్, ఈసారి నాట్ బ్లాక్‌లో టచింగ్ పెట్టి, అంటే పిల్లి తాకడం ఆగేదాకా.

అందరూ వదిలేసేది ఈ ఐదోదే. కాయిన్ కదలకుండా అక్కడే ఉండే గేమ్ అయితే నాలుగోది తీసేయొచ్చు, ఐదోది మాత్రం తీయొద్దు. పిల్లి పక్కకు జరిగేదాకా రెండో పాయింటు పడకుండా ఆపేది అదే.

వెయిట్ 1 సెకండ్ పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. పిల్లి అక్కడే నిలబడితే సెకనుకో పాయింటు వస్తూనే ఉంటుంది. నేనూ మొదట్లో అదే పెట్టి తల పట్టుకున్నాను.

కాయిన్‌కు క్లోన్లు (నకళ్లు) చేస్తుంటే స్కోరు 0 చేసే బ్లాక్ క్లోన్ స్క్రిప్ట్‌లో ఉండకూడదు.