బటన్ రంగులు మారుస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. సెలవులన్నీ వెబ్ పేజీలో బటన్ రంగు మెల్లగా మారేలా చేయడంతోనే గడిచిపోయాయి. వెబ్ పేజీల కోసం వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నానంటుంది. అమీర్‌పేట్‌లో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్‌లో కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ నేర్పే) కోర్సులో చేర్చమంటారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: కోర్సుకు ఇప్పుడే తొందర లేదండీ. మూడో సంవత్సరంలో కావాలనుకుంటే మైత్రీవనం దగ్గర రెండు మూడు చోట్ల డెమో క్లాసులు విననివ్వండి. ముందు ఒక్క మాట అడగండి: ఆ కోడ్ ఎక్కడినుంచైనా తెచ్చి అతికించిందా, తనే రాసిందా?

తనే రాసి ఉంటే మీరు సంతోషించాల్సిన విషయమే. తెర మీది రంగంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. పసుపు తెలుపుగా మారాలంటే నీలం ఒక్కటే 0 నుంచి 255కు పెరగాలి. తెర సెకనుకు ఎన్నోసార్లు బొమ్మను కొత్తగా గీస్తుంది, ఆ ఒక్కొక్క బొమ్మే ఫ్రేము. చాలామంది ఫ్రేముకు ఇంత చొప్పున పెంచుకుంటూ పోతారు. సెకనుకు 60 ఫ్రేముల ల్యాప్‌టాప్‌లో ఒక సెకను పట్టేది, 120 ఫ్రేముల ఫోన్‌లో అర సెకనుకే అయిపోతుంది. కాబట్టి లెక్క గడిచిన సమయాన్ని బట్టి ఉండాలి. బ్రౌజర్‌లోని రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ అనే ఫంక్షన్ వాడితే ప్రతి ఫ్రేముకూ అప్పటి సమయం అదే అందిస్తుంది, అందులోంచి మొదలుపెట్టినప్పటి సమయం తీసేస్తే గడిచినది తెలుస్తుంది. ఇంకో చిక్కు: రంగు సగం మారాక మౌస్ పక్కకు తీస్తే, పాత యానిమేషన్ ఆగకముందే కొత్తది మొదలై బటన్ మిణుకుమిణుకుమంటుంది. ఈ రెండూ సొంతంగా సరిచేసిన పిల్లకు ప్రోగ్రామింగ్ ఒంటబడుతున్నట్టే. ఇంటర్వ్యూలో ఈ కథ చెప్తే వినేవాళ్లకూ ఆసక్తిగా ఉంటుంది.

అయితే ఇంత సాదా రంగు మార్పుకు సీఎస్‌ఎస్‌లో (వెబ్ పేజీ రూపురేఖలు రాసే భాషలో) ట్రాన్సిషన్ అనే ఒక్క లైను చాలు, పనిలో ఎక్కువగా వాడేదీ అదే. ఈ సంగతి తనకు తెలియాలి. ‘మరి జావాస్క్రిప్ట్ ఎందుకు వాడావు?’ అని అడిగితే జవాబు ఉండాలి.

ఇక ఉద్యోగం. దీనితో మాత్రమే రాదు. డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని ప్రోగ్రామ్‌లో అమర్చే పద్ధతులు), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష), గిట్ (కోడ్‌లో మార్పులను దాచిపెట్టే సాధనం) తప్పవు. వాటికి తోడు పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టమనండి. కాలేజీ బస్సు వేళల పేజీ అనుకోండి. ఒక బస్సు టైమ్ మారగానే ఆ వరుస పసుపుగా మెరిసి నెమ్మదిగా తెల్లబడితే, చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. కదలికలు పడనివాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో యానిమేషన్లు తగ్గించుకుంటారు, వాళ్లకు ఆ మెరుపు లేకుండానే కొత్త టైమ్ తెలిసేలా చేయమనండి. పూర్తయ్యాక తన క్లాస్‌మేట్స్ చేత వాడించి, వాళ్లు చెప్పిన లోపాలు సరిదిద్దమనండి.