ప్రధాని ఈ దేశంలోనే పుట్టి ఉండాలా?

అక్కర్లేదు. అమెరికా అధ్యక్షుడు పుట్టుకతోనే ఆ దేశ పౌరుడై ఉండాలి కదా, మన ప్రధానికి అలాంటి నిబంధన ఎందుకు లేదు అని అడిగారు. లేకపోవడమే మంచిదైంది అంటాను నేను. 1919లో జీలంలో పుట్టిన గుజ్రాల్, 1932లో గాహ్ అనే పల్లెలో పుట్టిన మన్మోహన్ సింగ్ ఇద్దరూ మనకు ప్రధానులయ్యారు. ఆ రెండు ఊళ్లూ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నాయి. ఉప ప్రధానిగా చేసిన అద్వానీ పుట్టింది కరాచీలో. ఇవాళ్టి మ్యాపు ముందు పెట్టుకుని కూర్చుంటే ముగ్గురినీ గుమ్మంలోనే ఆపేయాలి. "అప్పుడది మన దేశమే కదా" అంటారు. సరే, నిబంధనకో మినహాయింపు, మినహాయింపుకో వివరణ. చివరికి బాగుపడేది లాయర్లే.

మన దగ్గర ప్రధాని కావాలంటే పార్లమెంటు సభ్యుడై ఉండాలి, లేదా ఆరు నెలల్లో కావాలి. సభ్యుడికి పౌరసత్వం ఉండాలి, లోక్‌సభకైతే 25 ఏళ్లు నిండాలి. సొంతంగా ఇంకో దేశ పౌరసత్వం పుచ్చుకుంటే 102వ అధికరణ కింద అనర్హుడు. ఇంతకంటే ఏం కావాలి? 1983లో ఇక్కడి పౌరసత్వం తీసుకున్న సోనియా గాంధీ మీద 1999లో ఎంత గొడవ జరిగిందో నాకు గుర్తుంది. ఆమె విదేశంలో పుట్టారన్న కారణం మీదే శరద్ పవార్ వాళ్లు కాంగ్రెస్ బయట వేరు కుంపటి పెట్టుకున్నారు. అదే ఏడాది మహారాష్ట్రలో అదే కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వంలో కూర్చున్నారు! పుట్టుక మీద మనకున్న పట్టింపు అంతవరకే.

నేను ప్రభుత్వ బడి టీచర్ని. ఎన్నికలొస్తే డ్యూటీ తప్పదు. 2019 ఏప్రిల్ 11న ఒక పల్లెలో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఉన్నాను. అసెంబ్లీకొకటి, లోక్‌సభకొకటి మెషిన్లు, గదిలో తిరగని ఫ్యాను, ముందు రోజు సామాన్లు ఇచ్చే చోట ఎండలో గంటలకొద్దీ నిలబెట్టిన వైభవం. దాని గురించి వేరే ఎవరైనా ప్రశ్న వేస్తే విడిగా రాస్తాను. మధ్యాహ్నం దాటాక ఒకాయన వచ్చాడు. ఆ ఊరివాడే. బడికి గేటు పెట్టించింది తనేనని వస్తూనే చెప్పాడు. జాబితాలో పేరుంది, చేతిలో పాత ఓటరు కార్డుంది. మాటల్లో మాటగా మొన్ననే అమెరికా నుంచి వచ్చానని, అక్కడ పౌరసత్వం వచ్చి కూడా చాన్నాళ్లయిందని సంతోషంగా చెప్పేశాడు.

ఓటరును ఏజెంట్లు ఛాలెంజ్ చేయొచ్చు. రెండు రూపాయలు కడితే విచారణ చేస్తాం. కానీ ఆ ఛాలెంజ్ మనిషి అతనేనా కాదా అన్నదాని మీదే. పొద్దుటి నుంచి ప్రతిదానికీ కొట్టుకుంటున్న రెండు పార్టీల ఏజెంట్లూ ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. ఒకడైతే నవ్వుతూ, "మా బావే సార్, కాదని ఎట్టా చెప్పేది?" అన్నాడు. రెండోవాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను ఆయన్ని పక్కకి పిలిచి, "అక్కడి పౌరసత్వం తీసుకున్న రోజే ఇక్కడిది పోయిందండీ, మీకు ఓటు లేదు" అన్నాను. ఆయనకు చాలా కోపమొచ్చింది. "ఈ ఊరి మీద నాకున్న ప్రేమలో పదో వంతు వీళ్లకుందా?" అని వరుసలో ఉన్నవాళ్లను చూపించాడు. లేకపోవచ్చు. కానీ రేపు గెలిచినవాడు చెత్త పాలన చేస్తే దాన్ని భరించేది ఆ వరుసలో ఉన్నవాళ్లే, ఆయన కాదు. నాకు పౌరసత్వం అంటే అదే. కాసేపు గొణిగి వెళ్లిపోయాడు. నా మీద పైవాళ్లకు చెప్తానన్నాడు, చెప్పాడో లేదో.

వేములవాడలో నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చింది. 2009లో మొదటిసారి గెలిచినప్పటి నుంచీ నడుస్తున్న వివాదం అది. అప్పటికి నాలుగు పదవీకాలాలూ అయిపోయాయి. అదే 2017లో ఆస్ట్రేలియాలో చూడండి. ఉప ప్రధాని బార్నబీ జాయిస్ పుట్టింది అక్కడే, అయినా తండ్రి వైపు నుంచి న్యూజిలాండ్ పౌరసత్వం ఉందని కోర్టు సీటు తీసేసింది. దాన్ని వదులుకుని అదే ఏడాది ఉప ఎన్నికలో మళ్లీ గెలిచాడు. కొత్త నిబంధన మనకెందుకు? ఉన్నదాన్ని పదవి అయిపోకముందే అమలు చేస్తే చాలు.

అసలు నాకు మంట ఎక్కడంటే, ఆరోజు ఆయన్ని పంపించి వరండాలోకి వస్తే, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన కుర్రాళ్లు కల్వర్టు మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఓటేశారా అంటే "లైన్ పెద్దగా ఉంది సార్". ప్రధాని ఎక్కడ పుట్టాడో వాళ్లని అడగండి, గంటసేపు వాదిస్తారు. వాళ్ల పంచాయతీకి ఎంత నిధి వచ్చిందో ఒక్కడికీ తెలియదు. గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటిచ్చారు, 243ఏ. మా ఊళ్లో ఆ సభ ఎలా జరుగుతుందంటే, రిజిస్టరే ఇళ్ల చుట్టూ తిరిగి సంతకాలు పెట్టించుకుంటుంది.

అందుకే నిబంధన పెట్టాల్సిందే అంటే నేనొకటి చెప్తాను. ఎంపీగా నిలబడే మనిషి అంతకు ముందు ఏడాది తన గ్రామసభలకో వార్డు సభలకో వెళ్లి కూర్చుని ఉండాలి. దొంగ సంతకాలు పెట్టిస్తారంటారా? ఇప్పుడూ పెట్టిస్తూనే ఉన్నారు. అప్పుడైతే కనీసం ఎదుటి పార్టీవాడైనా వచ్చి ఆ రిజిస్టర్ తిరగేస్తాడు.