చించెయ్యకు తల్లీ, దాచిపెట్టు

ప్రశ్న: అమ్మా, నాకు 22 ఏళ్లు. బి.ఎడ్. చదువుతున్నాను. మా అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం 6 గంటలకే వేసేస్తారు, అబ్బాయిలది రాత్రి 10 దాకా తీసే ఉంటుంది. ఎందుకలా అని అడుగుతూ ఇన్‌స్టాలో రీల్ పెట్టాను. రెండు రోజుల్లో 400 కామెంట్లు, సగం బూతులే. ఒకడు నా ముఖాన్ని ఇంకెవరి ఒంటికో అతికించి పెట్టాడు. అన్నయ్య అకౌంట్ తీసెయ్యమంటున్నాడు. స్నేహితురాళ్లేమో వాళ్ల పేర్లు బయటపెట్టమంటున్నారు. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: తల్లీ, 1986లో నేను కట్నాల గురించి ఒక పత్రికకు ఉత్తరం రాశాను. అది అచ్చయిన పది రోజులకు మా నాన్నగారి పేర ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఆయన నాకు చూపించకుండానే పొయ్యిలో వేశారు. "ఇక రాయకమ్మా" అన్నారు, అంతే. ఆ దస్తూరీ ఒక్కసారి చూసినా ఎవరిదో పోల్చుకునేదాన్నని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత పదకొండేళ్లు నేను ఒక్క ముక్క రాయలేదు.

అందుకే చెబుతున్నాను, ఏదీ డిలీట్ చెయ్యకు. అకౌంట్ తీసేస్తే నీ రీల్ పోతుంది కానీ ఆ బొమ్మ వాడి దగ్గరే ఉంటుంది. ప్రతిదానికీ పేరు, తేదీ, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తియ్యి. తర్వాత ఆ బొమ్మ మీద ఇన్‌స్టాకు ఫిర్యాదు పెట్టు. మార్ఫింగ్ చేసిన ఇలాంటి బొమ్మలను ఫిర్యాదు అందిన 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు చెప్పాయి, 2026లో ఆ గడువును ఇంకా తగ్గించారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా రాయి. స్టేషన్‌కు వెళితే "మా పరిధి కాదు" అంటారేమో, జీరో ఎఫ్‌ఐఆర్ అడుగు, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాల్సిన ఎఫ్‌ఐఆర్. అసభ్యమైన బొమ్మలు పెడితే ఐటీ చట్టం 67, వెంటపడి వేధిస్తే భారతీయ న్యాయ సంహిత 78, ఈ రెండు సెక్షన్లూ గుర్తుంచుకో.

పేర్లు బయటపెట్టడం సంగతి. 2021 జులైలో ముస్లిం మహిళల ఫోటోలు పెట్టి, వాళ్లను "వేలం" వేస్తున్నట్టు గిట్‌హబ్‌లో, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్‌లో, ఒక యాప్ వచ్చింది. కేసులు పెట్టారు. ఆరు నెలలు ఒక్క అరెస్టూ లేదు. 2022 జనవరి 1న అలాంటిదే ఇంకోటి, బుల్లీ బాయి. వందమందికి పైగా ఆడవాళ్లు. అందులో మన హైదరాబాద్‌లో అరవై దాటిన సామాజిక కార్యకర్త కూడా ఉన్నారు. ఢిల్లీ జర్నలిస్ట్ ఇస్మత్ ఆరా అదే రోజు తన ఫోటో ఉన్న స్క్రీన్‌షాట్‌నూ, పోలీసులకిచ్చిన ఫిర్యాదునూ తనే అందరి ముందూ పెట్టింది. అది చూసి మిగతావాళ్లూ "నేనూ ఉన్నాను" అంటూ ముందుకొచ్చారు. వారం తిరిగేలోగా బెంగళూరు, ఉత్తరాఖండ్, అస్సాంలలో అరెస్టులు జరిగాయి. దొరికినవాళ్లు ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలు. వెంటనే ఇండోర్‌లో పాత యాప్ చేసినవాడూ దొరికాడు. ఆ ఆడవాళ్లు తిట్టుకు తిట్టు అప్పజెప్పలేదు. దాక్కోవలసింది మేం కాదని చెప్పారు, అదీ ఒకరి పక్కన ఒకరు నిలబడి.

కాబట్టి నువ్వూ రాయి, కానీ ఫిర్యాదు ఇచ్చాక రాయి. వాడి మాటలు పెట్టు, వాడి ఇంటి చిరునామా వద్దు, వాడి అమ్మనీ అక్కనీ తిట్టవద్దు. వాళ్లేం చేశారమ్మా? నీ హాస్టల్‌లో ఆ గేటు లోపల ఉన్నవాళ్లలో కనీసం ఐదుగురు అదే రోజు తమ పేరుతో రాస్తామని ముందే మాటిస్తేనే మొదలుపెట్టు. ఒంటరిగా వద్దు.

అన్నయ్య మీద కోపం పెట్టుకోకు. నీకేమవుతుందోనని అతని భయం. మా నాన్నగారి భయమూ అదే. రేపు ఆదివారం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేతికివ్వు. ఆ నాలుగొందల కామెంట్లూ అతన్నే చదవమను. స్క్రీన్‌షాట్లు అతనే తియ్యాలి, నువ్వు తేదీలు కాగితం మీద రాసుకో. ఆ బూతులన్నీ నువ్వొక్కదానివే రెండోసారి చదవనక్కర్లేదు తల్లీ.