మనుషులు మారినా అది ఆ బృందమేనా?

ప్రశ్న: విజయనగరంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఐదుగురం కలిసి ప్రోగ్రెసివ్ మెటల్ (సంక్లిష్టమైన తాళాలతో, సుదీర్ఘమైన పాటలతో సాగే హెవీ మెటల్ రాక్ సంగీతం) బ్యాండ్ పెట్టుకున్నాం. కీబోర్డు వాయించే మిత్రుడు బెంగళూరుకూ, డ్రమ్మర్ హైదరాబాదుకూ, గాయకుడు విదేశాలకూ వెళ్ళిపోయారు. గిటారు వాయించే నేనూ, బేస్ వాయించే మిత్రుడూ మిగిలాం. కొత్తవారితో పాత పేరు మీదే వాయించడం న్యాయమేనా? మేము అభిమానించే అమెరికా బ్యాండ్ డ్రీమ్ థియేటర్ ఇన్ని మార్పుల మధ్య ఎలా నిలబడింది? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: న్యాయమేనని నా నమ్మకం. అయితే వెళ్ళినవారి పట్లా, వచ్చినవారి పట్లా మీరు ఎలా నడుచుకుంటారన్న దాని మీదే ఆ న్యాయం ఆధారపడి ఉంటుంది.

డ్రీమ్ థియేటర్ కూడా చదువుకునే చోటే పుట్టింది. 1985లో బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో జాన్ పెట్రూచీ, జాన్ మ్యూంగ్, మైక్ పోర్ట్‌నోయ్ కలిసి మొదలుపెట్టినప్పుడు దాని పేరు మెజెస్టీ. ఆ పేరు తమదని మరో బృందం అభ్యంతరపెట్టడంతో దాన్ని వదులుకున్నారు. మొదటి గాయకుడు తొలి ఆల్బమ్ వరకైనా లేడు, 1989లో ఆ ఆల్బమ్ పాడిన చార్లీ డొమినీచీ ఆ తర్వాత కొనసాగలేదు. 1991లో కెనడా గాయకుడు జేమ్స్ లబ్రీ చేరాక, 1992లో వచ్చిన ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’తో వాళ్ళకు పేరొచ్చింది. మీ ఇద్దరిలాగే అక్కడ కూడా మొదటి నుంచి నేటి దాకా కదలకుండా ఉన్నది గిటారు పెట్రూచీ, బేస్ మ్యూంగ్ మాత్రమే.

కీబోర్డు సంగతి నిదానంగా చెప్పాలి. 1994లో ‘అవేక్’ ఆల్బమ్ పూర్తవుతుండగా కీబోర్డు వాయించే కెవిన్ మూర్ తప్పుకున్నాడు. అందులోని చివరి పాట ‘స్పేస్ డై వెస్ట్’ పూర్తిగా అతని సొంత రచన కావడంతో, మిగిలినవారు దానిని ఏళ్ళ తరబడి వేదిక మీద వాయించలేదు. 2014లో గాని ముట్టుకోలేదు. వెళ్ళినవాడి పాటను ఇరవై ఏళ్ళు అలా పక్కన ఉంచడం నాకు చాలా గొప్పగా తోస్తుంది. మరోవైపు, మూర్ ఉన్న కాలంలో 1992 ఆల్బమ్‌లో వచ్చిన ‘మెట్రోపోలిస్’ పాటను మాత్రం విడిచిపెట్టకుండా, 1999లో దాని కొనసాగింపుగా ఒక పూర్తి కథా ఆల్బమ్ చేశారు. మధ్యలో డెరెక్ షెరీనియన్ వచ్చి వెళ్ళాడు కనుక, ఆ కొనసాగింపును వాయించినవాడు మూడో కీబోర్డు కళాకారుడు జోర్డన్ రూడెస్. ఆయన మూర్‌ను అనుకరించలేదు, తన పద్ధతిలోనే వాయించాడు.

డ్రమ్మర్ విషయంలో నొప్పి ఎక్కువ. కొంతకాలం విరామం కావాలన్న పోర్ట్‌నోయ్ మాటకు మిగిలినవారు ఒప్పుకోకపోవడంతో 2010 సెప్టెంబరులో అతను వైదొలిగాడు. కొద్ది నెలలకే తిరిగి వస్తానన్నాడు గాని, ఏడుగురిని పరీక్షించి మైక్ మాంజినీకి మాట ఇచ్చేసిన బృందం ఆ మాటకే కట్టుబడింది. మాంజినీ బర్‌క్లీలో అధ్యాపక ఉద్యోగం వదులుకుని వచ్చి ఐదు ఆల్బములకు వాయించాడు. 2022లో బృందానికి తొలి గ్రామీ దక్కిన పాటలోనూ డ్రమ్స్ అతనివే. 2020లో పెట్రూచీ సొంత ఆల్బమ్‌కు పోర్ట్‌నోయ్ వాయించడంతో పాత స్నేహం మళ్ళీ చిగురించింది, 2023లో అతను బృందంలోకి తిరిగి వచ్చాడు.

ఈ నేల మీద పుట్టినవారికి ఇది తెలియని విషయమేమీ కాదు. శ్రీకాకుళం వైపు జాతరలో నేను చూసిన ఒక తప్పెటగుళ్ళ జానపద నృత్య బృందంలో, కాళ్ళకు గజ్జెలు, రొమ్ము మీద తప్పెట కట్టుకున్న ఒక కుర్రవాడు వరుస చివర నిలబడి, గురువు పాదాల మీది నుంచి చూపు తిప్పకుండా అడుగు వేస్తున్నాడు. అంతకు ముందు ఏడాది ఆ చోట అతని మేనమామ ఆడేవాడట. బృందం మారిపోయిందని అక్కడ ఎవరూ అనలేదు.

కాబట్టి పాత పేరు ఉంచుకోండి. బెంగళూరు మిత్రుడు కట్టిన బాణీలను ఆయనకు ఫోను చేసి, అడిగి, ఆయన పేరు చెప్పి వాయించండి. వద్దంటే పక్కన పెట్టండి. కొత్త డ్రమ్మర్ చేత పాత రికార్డింగులు మక్కీకి మక్కీ వాయించకుండా, మీరు చేయబోయే తొలి కొత్త పాటకు తాళం అతన్నే కట్టమనండి.